డిస్కు చేరేదాకా

రక్తనిధి, రిజిస్టర్ల గది
జూన్ 3

పిచ్చుకకి,

నీ ఉత్తరం అందింది, చదివాను కూడా. ఈ రెండూ విడివిడిగా రాయాలని షరతు పెట్టింది నేనే కాబట్టి తప్పడం లేదు. మీ పరీక్షల గదిలోకి ఫోను రానివ్వకపోవడం నాకు మేలే చేసింది. ఫోనులో అయితే నువ్వు వేరే పని చూసుకుంటూ ఊఁ కొడతావు. కాగితం మీద ఊఁ కొట్టడం కుదరదు.

ఇక్కడ అందరం కులాసా. వంటింటి కుళాయి సంగతి మళ్ళీ అడిగితే మీ అన్న "అయిపోయింది" అన్నాడు. అయిపోయిందంటే కొత్త వాషరు కొని చొక్కా జేబులో వేసుకున్నాడని అర్థం. ఊరందరి తలుపులూ బిగించే వడ్రంగి ఇంట్లో నాలుగు నెలలుగా కుళాయి కింద గిన్నె ఉంది. ఆ చప్పుడు నాకు అలవాటైపోయింది కూడా.

నిన్నొక మాట అడగాలి. మా దగ్గర పనిచేసే ఒకావిడకి చిక్కొచ్చి పడింది. ఒక రక్తం సంచీకి రెండో పరీక్షలో అనుమానం వచ్చింది. ఆవిడ కంప్యూటర్లో ఆ సంచీ నంబరుకి "ఇవ్వరాదు" అని పెట్టి, భద్రపరచు నొక్కింది. తెరమీద "భద్రమైంది" అని పచ్చగా వచ్చింది. రెండు మూడు సెకన్లకే కరెంటు పోయింది. కరెంటు వచ్చాక కంప్యూటర్లో ఆ సంచీ మామూలు సంచీల్లోనే ఉంది, ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నం డ్యూటీవాళ్ళు దాన్ని వార్డుకి పంపేశారు. రోగికి ఎక్కించేలోపే పట్టుకున్నారనుకో, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆవిడ అసలు నమోదే చెయ్యలేదంటున్నారు, విచారణ వేశారు.

ఆ యంత్రం మీ కంపెనీదే. భద్రమైందని చెప్పి భద్రం చెయ్యకపోవడం ఉంటుందా? నాకు అర్థమయ్యేలా రాయి.

మీ వదిన


పరీక్షల గది, మూడో అంతస్తు
జూన్ 9

వదినకి,

అందింది, చదివాను, రెండుసార్లు. ఈమధ్య రిజిస్టర్ల గది నుంచి రాస్తున్నావేం? ఫ్రిజ్ గది మహారాణికి ప్రమోషన్ వచ్చిందా? చెప్పకుండా దాస్తే ఊరుకోను.

నీ ప్రశ్న భలే చోటికి వచ్చింది, ఎందుకంటే నేను చేసే పని అదే. నమోదులన్నీ దాచుకునే డిస్కుకి, దాని పైనుండి యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఒకరి మాట ఒకరికి నేరుగా తెలియదు. మధ్యలో మాట మోసే ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్ని డ్రైవర్ అంటాం. "ఇది రాయి" అని పైవాళ్ళు అంటే కిందికి చేరవేస్తుంది, "రాశాను" అని డిస్కు అంటే పైకి చేరవేస్తుంది. అప్పుడే మీ తెరమీద పచ్చ అక్షరాలు వస్తాయి. మీ యంత్రంలో ఉన్న డ్రైవర్‌ని బాగుచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఇదివరకు నొక్కిన ప్రతిసారీ తెర కాస్త బిగుసుకుపోయేదని ఆసుపత్రులవాళ్ళు గోల పెట్టేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడు నొక్కగానే వస్తోంది. దానికే పోయిన ఏడాది మా జట్టుకి గాజు బహుమతి ఇచ్చారు. నా బల్ల మీదే ఉంది, పెన్సిళ్ళు పెట్టుకుంటున్నాను.

కాబట్టి ఆవిడతో చెప్పు, యంత్రానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. హడావిడిలో నొక్కాననుకుని నొక్కి ఉండదు. మనుషులం కదా, పొరపాటు పడతాం. ఒప్పేసుకుంటే తేలిగ్గా పోతుంది.

అన్నని అడిగినట్టు చెప్పు. వాషరు జేబులోంచి కుళాయిలోకి ఎప్పుడు చేరుతుందో కూడా రాయి.

నీ పిచ్చుక


రక్తనిధి, రిజిస్టర్ల గది
జూన్ 14

అమ్మాయ్,

అందింది. చదివాను.

ఆ ఒకావిడ నేనే.

ప్రమోషన్ కాదు, ఫ్రిజ్ గది తాళాలు తీసేసుకున్నారు. పంతొమ్మిదేళ్ళు నా నడుముకి ఉన్న తాళాలు. విచారణ అయ్యేదాకా ఈ గదిలో పాత రిజిస్టర్లకి అట్టలు వేస్తున్నాను. తప్పు రుజువైతే ఈ గది కూడా ఉండదు.

నేను నొక్కాను. పచ్చ అక్షరాలు చూశాను. ఆ రోజు డ్యూటీ అప్పగించాక ఊరికే ఇచ్చిన సంచీల చీటీ తిరగేస్తుంటే ఆ నంబరు కనబడింది. రెండంతస్తులు పరిగెత్తాను, మెట్ల మీద చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. నర్సు సంచీని స్టాండుకి తగిలించి సూది చేతిలో పట్టుకుని ఉంది. ఆ మంచం మీద ఉన్నావిడ నన్ను చూసి "ఏమైందమ్మా" అని నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఇదివరకు అనుమానం ఉన్న సంచీ మెడకి ఎర్ర రబ్బరు బ్యాండు వేసేదాన్ని. ఈ యంత్రం వచ్చాక అవన్నీ అక్కర్లేదు, కంప్యూటర్ చూసుకుంటుందన్నారు. మానేశాను. నేను చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే.

ఒప్పేసుకుంటే తేలిగ్గా పోతుందని రాశావు. చెయ్యనిదాన్ని ఎలా ఒప్పుకోను?

వదిన


పరీక్షల గది, మూడో అంతస్తు
జూన్ 21

వదినా,

అందింది. చదివాను. చదివాక ఒక రోజంతా కలం పట్టుకోలేకపోయాను. తెలియక రాసినా రాసింది నేనే, సిగ్గుగా ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే మీ దగ్గరున్న రకం యంత్రాన్నే తెప్పించుకున్నాను. బ్యాటరీ తీసేసి, ఏదో ఒక నంబరు నమోదు చేసి, పచ్చ అక్షరాలు రాగానే గోడలోంచి తీగ లాగేశాను. మళ్ళీ పెట్టి చూస్తే నమోదు లేదు. నలభై సార్లు చేశాను. ముప్ఫై ఒక్కసార్లు లేదు.

సంగతి ఇది. డిస్కు తనకి ఇచ్చినదాన్ని వెంటనే లోపల రాయదు. ముందు తన దగ్గరున్న చిన్న జ్ఞాపకంలో పెట్టుకుని, వీలు చూసుకుని రాస్తుంది. కరెంటు పోతే ఆ జ్ఞాపకంలో ఉన్నది పోతుంది. అందుకని ముఖ్యమైనవి ఉన్నప్పుడు పైనుంచి ఒక ఆజ్ఞ వస్తుంది: "నీ దగ్గరున్నదంతా డిస్కు మీద నిజంగా రాసేసి, అప్పుడు చెప్పు" అని. డ్రైవర్ ఆ ఆజ్ఞని కిందికి తీసుకెళ్ళాలి, డిస్కు రాసేదాకా ఆగాలి, జవాబు పట్టుకుని పైకి రావాలి. ఇదివరకు మీ తెర బిగుసుకుపోయేది ఆ ఆగడంలోనే.

మా డ్రైవర్ ఆగడం లేదు. ఆజ్ఞ రాగానే పైకి "అయింది" అని చెప్పేసి, అయిదు సెకన్లకోసారి అన్నీ కలిపి కిందికి పంపుతోంది. బ్యాటరీ ఉన్న యంత్రంలో పర్వాలేదు, కరెంటు పోయినా ఆ అయిదు సెకన్లూ బ్యాటరీ లాక్కొస్తుంది. మీ యంత్రంలో బ్యాటరీ ఉందా? లేదని నా అనుమానం.

ఇంకొక్కటి రాయాలి. పోయినసారి "మా జట్టు" అని రాశాను. ప్రోగ్రాంలో ఆ "అయింది" అనే వరుస రాసింది జట్టు కాదు, నేను. బ్యాటరీ ఉన్న యంత్రాలకే అని మనసులో అనుకున్నాను, ప్రోగ్రాంలో రాయలేదు. నువ్వు అబద్ధం చెప్పలేదు వదినా, నేను రాసింది చెప్పింది.

పిచ్చుక


రక్తనిధి, రిజిస్టర్ల గది
జూన్ 27

అమ్మాయ్,

అందింది. చదివాను. కోపం వచ్చింది, ఇంకా పోలేదు. పోయిందని రాస్తే నేనూ మీ ఇంటిదాన్నే అయిపోతాను. పని కాకముందే అయిపోయిందనడం మీ వంశంలోనే ఉన్నట్టుంది. మీ అన్న కుళాయి దగ్గర ఆగాడు, నువ్వు ఆసుపత్రుల దాకా తీసుకెళ్ళావు.

నీ ఉత్తరం మీ అన్నకి చదివి వినిపించాను. చేతిలో ఉన్న ఉలి కింద పెట్టాడు. ఆ తర్వాత "దాన్ని తిట్టావా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "తిట్టు, కానీ కొంచెం మిగుల్చు" అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

బ్యాటరీ సంగతి నువ్వన్నదే నిజం. ఉబ్బిందని రెండు నెలల క్రితం ఊడదీసి పట్టుకుపోయారు, కొత్తది రాలేదు.

విచారణ జూలై 20న. ముగ్గురు కూర్చుంటారు, మా సూపరింటెండెంటు గారు పెద్ద. నువ్వు నా తరఫున జాలి ఉత్తరం రాయకు. ఆడపడుచు వదినని వెనకేసుకొస్తోందంటారు, అది నాకు ఇంకా చేటు. కంపెనీ చేతే రాయించు. వాళ్ళు చదివి నమ్మేది కాదు, తమ చేత్తో చేసి చూసేది పంపించు. మా సూపరింటెండెంటు గారు తన కళ్ళతో చూడందే పొద్దు పొడిచిందన్నా ఒప్పుకోరు.

నువ్వు దాచిపెట్టి ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు. అది కూడా గుర్తుంచుకున్నాను.

వదిన


పరీక్షల గది, మూడో అంతస్తు
జూలై 6

వదినా,

అందింది, చదివాను. తిట్లు కూడా అందాయి. మిగిల్చినవి దాచి ఉంచు, మళ్ళీ పనికొస్తాయి.

మా పెద్దాయనకి అంతా చెప్పాను. మా జట్టుని నడిపే మనిషి, మంచివాడే. మొదట ఆయన "చప్పుడు చెయ్యకుండా సరిచేసి వచ్చే విడత మార్పులతో పంపేద్దాం, ఎవరూ అడగరు" అన్నారు. "ఒకావిడ తాళాలు పోయాయండీ" అన్నాను. ఎవరావిడ అని అడిగారు, మా వదిన అని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "మీ వదిన కాకపోతే కూడా ఇలాగే అడిగేదానివా?" అన్నారు. అడిగేదాన్నే అని ఇప్పుడు రాయడం తేలిక. ఆ క్షణంలో మాత్రం నా నలభై సార్ల లెక్క ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.

సాయంత్రానికి ఆయనే పిలిచి ఉత్తరం రాయించారు. లోపం మాదేనని, ఏ వరుసలో ఉందో, ఎవరు రాశారో అన్నీ ఉన్నాయి. నా పేరు తీసేస్తానన్నారు, నేనే ఉండనిమ్మన్నాను. ఈ డ్రైవర్ నడుస్తున్న ఆసుపత్రులన్నిటికీ అదే వెళ్ళింది: బ్యాటరీ చూసుకోండి, మేం కొత్తది పంపేదాకా కాగితం మీద కూడా రాసుకోండి అని. దాంతోపాటు మీవాళ్ళకి ఒక పేజీ వేరుగా పెట్టాం. అందులో నాలుగే మాటలు: నమోదు చెయ్యండి, పచ్చ అక్షరాలు చూడండి, తీగ లాగండి, మళ్ళీ పెట్టి వెతకండి.

నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయంగానే ఉంది. గాజు బహుమతిలోంచి పెన్సిళ్ళు మాత్రం తీసేశాను.

పిచ్చుక


రక్తనిధి, రిజిస్టర్ల గది
జూలై 22

పిచ్చుకకి,

అందింది, చదివాను. నిన్ను మళ్ళీ పిచ్చుక అంటున్నానని గమనించావనుకుంటాను.

విచారణ జరిగింది. మొదటి గంట నన్ను తిప్పి తిప్పి అదే అడిగారు. నొక్కారా, నొక్కాను. చూశారా, చూశాను. మీకు కచ్చితంగా గుర్తుందా. ఆఖరికి సూపరింటెండెంటు గారు మీ కంపెనీ పేజీ తీసి, "ఇదేదో తీగ లాగమంటున్నారు, లాగి చూద్దాం" అని లేచారు. ముగ్గురూ యంత్రం చుట్టూ చేరారు. ఉత్తుత్తి నంబరొకటి ముందు మామూలు సంచీగా ఎక్కించి, కాసేపాగి ఆయనే "ఇవ్వరాదు" పెట్టి, ఆయనే నొక్కారు. పచ్చగా వచ్చింది. "భద్రమైంది అని ఉంది, ముగ్గురం చూశాం" అని పైకి చదివి, బల్లకింద వంగి తీగ పీకారు. మళ్ళీ పెట్టి వెతికితే ఆ నంబరు మామూలు వాటిలో ఉంది.

ఆయన "నేను నొక్కలేదేమో" అన్నారు. ఇంకో ఆయన "నొక్కారండీ, నేను చూశాను" అన్నాడు. మళ్ళీ చేశారు, మళ్ళీ పోయింది. మూడోసారి ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోయి నావైపు చూశారు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని అబద్ధాలకోరని అనుకున్నానమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ ముందు ఏడవకూడదని రిజిస్టర్ల గదికి వచ్చి ఏడ్చాను.

నా తప్పు లేదని రాసిచ్చారు. తాళాలు మాత్రం కొత్త డ్రైవర్ వచ్చాకే అన్నారు. అప్పటిదాకా ఫ్రిజ్ గది మూసేసి, పక్క భవనంలోని పాత గదిలో కాగితాల మీద నడుపుతున్నారు. నేను అక్కడికీ ఇక్కడికీ తిరుగుతున్నాను. ఎర్ర రబ్బరు బ్యాండ్లు తిరిగొచ్చాయి.

ఆ పాత గదిలో కొత్తగా చేరినమ్మాయి నిన్న లెక్క తప్పింది. డ్యూటీ మారేటప్పుడు సంచీలు లెక్కపెట్టమంటే చకచకా లెక్కపెట్టి సంతకం చేసేసింది. తీరా చూస్తే సంచీలున్న ఇంకో తోపుడుబండి వరండాలోనే ఉంది. ఆ పిల్ల లెక్క తప్పు కాదు, గదిలో ఉన్నవన్నీ సరిగ్గానే లెక్కపెట్టింది. మేం మాత్రం ఆఖరి బండి లోపలికొచ్చి, తలుపు వేశాకే లెక్క మొదలుపెడతాం. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదంతే. నీకు కూడా ఇలాంటివి చెప్పేవాళ్ళు లేకపోయారేమో అనిపించింది.

నీ ఉద్యోగం సంగతి రాయి.

వదిన


పరీక్షల గది, మూడో అంతస్తు
ఆగస్టు 11

వదినా,

అందింది, చదివాను, ఒక పేరా అయితే మా జట్టంతటికీ చదివి వినిపించాను.

ఉద్యోగం ఉంది. ఆ వరుస నేనే సరిచెయ్యాలని పెద్దాయన పట్టుబట్టారు. సరిచేశాను. ఆజ్ఞ రాగానే కిందికి పంపి, డిస్కు జవాబు చెప్పేదాకా ఆగేలా రాశాను. ఇప్పుడు తీగ లాగడానికి ఒక చిన్న యంత్రం పెట్టుకున్నాం, లాగుతూ పెడుతూ ఉంటుంది. నాలుగు వందల సార్లు లాగితే మూడుసార్లు నమోదు పోయింది. మూడంటే తక్కువే అన్నాడు పక్క బల్లవాడు. ఆ మూడింటిలో ఒకటి నీ సంచీ అయితే? రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆగుతున్నాను కదా, ఇంకెందుకు పోతోంది?

అప్పుడు నీ తోపుడుబండి వచ్చింది. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచిపోయాను. నేను పంపిన రాతలు కొన్ని ఇంకా దారిలో ఉండగానే, వరండాలో బండిలాగ, "నీ దగ్గరున్నదంతా రాసేశావా" అని అడిగేస్తున్నాను. డిస్కు తన దగ్గరికి చేరినవన్నీ రాసి, రాశాను అంటోంది. దాని లెక్క తప్పు కాదు. నేనే ముందు అడిగాను. ఇప్పుడు ముందు పంపిన ప్రతి రాతా అందిందని డిస్కు చెప్పేదాకా ఆగుతున్నాను. ఆ తర్వాతే ఆజ్ఞ పంపుతున్నాను, దానికి జవాబు వచ్చాకే పైకి "అయింది" అంటున్నాను. డిస్కు రాయలేకపోతే ఆ మాట కూడా మింగెయ్యకుండా పైకి చెప్తున్నాను. అప్పుడు మీకు ఎర్ర అక్షరాలు వస్తాయి.

అయిదు వేల సార్లు లాగాం. "భద్రమైంది" అన్నది ఒక్కటీ పోలేదు. కాగితాల్లో ఈ నియమాన్ని మావాళ్ళు "వదిన లెక్క" అని రాశారు, నవ్వకు.

నొక్కాక తెర మళ్ళీ ఒక రెప్పపాటు ఆగుతుంది. దానికి నన్ను తిట్టుకోవద్దని మీవాళ్ళకి చెప్పు. వచ్చే వారం మీ యంత్రంలో పెట్టడానికి మనిషి వస్తాడు.

నీ పిచ్చుక


రక్తనిధి, ఫ్రిజ్ గది
ఆగస్టు 30

పిచ్చుకకి,

అందింది. చదివాను. పైన ఏ గది రాశానో చూశావా?

మీ మనిషి వచ్చి పెట్టి వెళ్ళాడు. తాళాలు సూపరింటెండెంటు గారే తెచ్చి ఇచ్చారు. నడుముకి దోపుకుంటే బరువు ఇంతకుముందుకంటే ఎక్కువున్నట్టు అనిపించింది, మూడు నెలలు అలవాటు తప్పడం వల్ల కాబోలు.

నిన్న పొద్దున పదకొండింటికి ఒక సంచీకి అనుమానం వచ్చింది. "ఇవ్వరాదు" పెట్టి నొక్కాను. తెర ఆగింది. ఆ ఆగిన రెప్పపాటులో నువ్వు కిందికి దిగి అడిగి, ఎక్కి వస్తున్నావని అనుకున్నాను. పచ్చగా వచ్చింది. నేను రబ్బరు బ్యాండు తీసుకునేలోపే కరెంటు పోయింది. చీకట్లోనే సంచీ మెడకి బ్యాండు వేసి, అది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి కరెంటు వచ్చింది. యంత్రం లేచేదాకా నిలబడే ఉన్నాను. నంబరు కొట్టాను.

ఉంది. "ఇవ్వరాదు" అని ఎర్రగా, నేను పెట్టిన నిమిషంతో సహా ఉంది.

నీ మీద కోపం పోయింది. ఇన్నాళ్ళూ రాయలేదు, ఎందుకంటే పోలేదు. ఇప్పుడు పోయింది కాబట్టి రాస్తున్నాను.

రబ్బరు బ్యాండ్లు మాత్రం మానను. సూపరింటెండెంటు గారు కూడా ఉండనిమ్మన్నారు.

ఇంటికెళ్ళేసరికి మీ అన్న వంటింట్లో తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. అయిపోయిందని అనలేదు. "ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. నేను కుళాయి తిప్పి, కట్టేసి, గిన్నె తీసి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన కూడా నా పక్కనే నిలబడ్డాడు. చాలాసేపు చూశాం. ఒక్క చుక్క పడలేదు.

గిన్నె కడిగి షెల్ఫులో పెట్టాను.

మీ వదిన